‘కాలక్షేపం’ అన్న మాట కొట్టివేయించుట గురించి

రుణ విభాగం మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మనవరాలి రుణ దరఖాస్తు తిరస్కరణ – తనిఖీ నాడు నేను చెప్పిన మాటలు నిజం కావని తెలియజేయుట – మరల తనిఖీకి ప్రార్థన.

1. నేను దరఖాస్తుదారు నాయనమ్మను. బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ ఇంటి జమాఖర్చులు నేటికీ నేనే రాయుచున్నాను. కనుక కింది సంగతులు మతి తప్పిన ముసలమ్మ మాటలుగా భావించవద్దని మనవి.

2. మా మనవరాలు మూడేళ్లుగా మా ముందుగదిలో మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు బాగుచేయుచున్నది. కాలిపోయిన మోటారులోని రాగితీగ ఊడదీసి కొత్త తీగ చుట్టగలదు. పెద్దవీధి మలుపులో ఒక కొట్టు ఖాళీ కాగా, దాని అడ్వాన్సుకు, తీగ చుట్టే యంత్రానికి తమ బ్యాంకు వారి స్త్రీల స్వయం ఉపాధి రుణం కోరినది. తనిఖీకి వచ్చిన తమ ఉద్యోగి, "సదరు చిరునామాలో వ్యాపారము జరుగు ఆనవాళ్లు లేవు. కాలక్షేపమునకు చేయు పని" అని రాసినందున దరఖాస్తు తిరస్కరింపబడినది. ఆయన తప్పేమీ లేదు. ఆనవాళ్లు లేకుండా చేసినది నేను.

3. అది జరిగిన విధము ఏమనగా: ముందు రోజు సాయంత్రం అమ్మాయి, "నాయనమ్మా, రేపు పదకొండుకి బ్యాంకు నుంచి ఒకాయన వస్తారు, గది చూస్తారట" అని చెప్పినది. తెల్లవారి ఒక ఇంటి నుంచి మోటారు తేవడానికి వెళ్లినది. నేను గదిలోకి తొంగి చూశాను. నేలంతా తీగ ముక్కలు, కిటికీ మీద నూనె గుడ్డలు, వార్నిషు వాసన. పెద్ద ఉద్యోగి వచ్చి కూర్చునే చోటా ఇది అనిపించింది. తుడవడం మొదలుపెట్టాను. విప్పిన మోటార్లన్నీ మంచం కిందికి తోసి, దుప్పటి నేల దాకా జార్చాను. ఫ్యాను రెక్కలు స్నానాలగది అటక ఎక్కాయి. అమ్మాయి ఒక్కో యంత్రం మరలు ఒక్కో సీసా మూతలో విడిగా పెట్టుకుంటుంది. నాకది చిందరవందరగా కనబడి, అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసి మూత బిగించాను. కిటికీకి ఉతికిన తెర కట్టాను.

4. తమ ఉద్యోగి అనుకున్న వేళ కన్నా ముందే వచ్చారు. అమ్మాయి ఇంకా తిరిగి రాలేదు. మర్యాదస్తుడు. "వర్క్‌షాపు ఎక్కడండీ అమ్మగారూ?" అన్నారు. "వర్క్‌షాపేమిటి బాబూ, ఇది సంసారుల ఇల్లు. కూర్చోండి" అన్నాను. మంచం మీద కూర్చున్నారు. "మీ మనవరాలు మోటార్లు బాగుచేస్తారని రాశారే?" అంటే, "డిగ్రీ చదివిన పిల్లండీ. ఉద్యోగం చూసుకుంటోంది. ఇదంతా ఏదో కాలక్షేపానికి" అన్నాను. ఇంతలో ఆయన కాలు తగిలి మంచం కింద ఖంగుమంది. "ఏమిటది?" అన్నారు. "పాత సామాను" అన్నాను. నలుగురి ఇళ్లలో నీళ్లు తోడే మోటార్లను పాత సామాను అన్నాను. ఆయన రాసుకున్నారు. ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకుని వెళ్లారు. నేను సంతోషించాను కూడా.

5. అతిథి మర్యాద కోసం సర్దానని రాస్తే తమరు నమ్మవచ్చు. కాని అది పూర్తి లెక్క కాదు. వీధిలో వాళ్లు మా అమ్మాయిని ‘మోటారు పాప’ అంటే వినలేనట్టు లోపలికి పోయేదాన్ని. బంధువులు అడిగితే పరీక్షలకు చదువుతోందని చెప్పేదాన్ని. ఆ పిల్ల సంపాదనతోనే ఇంటి కరెంటు బిల్లు, నా కంటి మందు గడుస్తున్నాయి. తింటున్న కూటిని దాచుకున్నదాన్ని నేను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు. కాని రాయకపోతే తమ ఉద్యోగిదే తప్పు అవుతుంది.

6. తిరస్కరణ కాగితం వచ్చిన రోజు అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, "అంత బాగా ఎందుకు సర్దావే?" అంది.

"వచ్చినాయన ఏమనుకుంటాడని."

"ఆయన ఏదో ఒకటి అనుకోవాలనేగా నాయనమ్మా రమ్మన్నది!"

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. డబ్బా మళ్లీ నేల మీద కుమ్మరించి మరలు ఏరుకుంటూ కూర్చుంది. ఏ మర ఏ మోటారుదో తేలక పని ఆలస్యమై, "మాకు నీళ్లు లేవు, నీకు తీరిక లేదా?" అని జనం గుమ్మంలో నిలబడి కేకలేశారు. అవీ నేనే విన్నాను. ఈసారి లోపలికి పోలేదు.

7. కొట్టు యజమాని నెలాఖరు వరకే ఆగుతానన్నాడు. ఫోన్లు అమ్మే అతను అడ్వాన్సు చేత పట్టుకుని తిరుగుతున్నాడు. తమ పథకానికి కూడా గడువు అంతే. ఈ చోటు పోతే పిల్ల మళ్లీ ముందుగదిలోనే, నా కళ్లెదుటే ఉంటుంది. నేను ఏ ముఖం పెట్టుకుని చూడను?

కావున, నా వాంగ్మూలము రద్దుపరచి, తమ పుస్తకాలలో మా మనవరాలి పేరు ఎదుట ఉన్న ‘కాలక్షేపం’ అన్న మాట కొట్టివేయించి, గడువు లోపల మరొకసారి తనిఖీ చేయించవలెనని ప్రార్థన. శిక్ష ఏదైనా ఉన్నచో అది దరఖాస్తుదారుకు కాక నాకు చెందునట్లు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దరఖాస్తుదారు నాయనమ్మ

తా.క.: మనిషిని పంపేటప్పుడు దయచేసి ముందుగా ఫోను చేయవద్దు. నా సంగతి నాకు తెలుసు. వస్తున్నారని తెలిస్తే చేతులు ఊరుకోవు, మళ్లీ తుడిచేస్తాను. వచ్చినాయనను గుమ్మంలో చెప్పులు విప్పవద్దనండి. నేల మీద మరలుంటాయి, గుచ్చుకుంటాయి.