ఎర్ర బిళ్ళ

కౌరా,
అక్టోబరు నెలాఖరు, మంగళవారం.

ప్రియమైన అత్తయ్యకు,

కోడలు నోలీన్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. పెర్త్‌లో మీరు, గ్లెనిస్ వదిన, పసిపాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాపకు మీ ముక్కే వచ్చిందని రాశారు. అది విని మామయ్య "పాపం పిల్ల" అన్నారు గానీ, ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు.

మీరు అడిగినవాటికి జవాబు రాస్తాను. కోళ్ళు బాగానే గుడ్లు పెడుతున్నాయి. గోధుమ రంగుది మాత్రం పొదగడానికి కూర్చుంది, చెయ్యి పెడితే పొడుస్తోంది. చలి తగ్గాక మామయ్య మోకాలు కాస్త నయం. ఆదివారం గొర్రె మాంసం కాల్చడం నాకింకా మీలా రాలేదు. అంచులు మాడిపోతాయి, లోపల పచ్చిగా ఉంటుంది. మామయ్య గ్రేవీ కొంచెం ఎక్కువ పోసుకుంటారు, అంతే.

ఇక మీరు చివర్లో అడిగిన మాట. "మీ మామయ్య రాసింది నిజమేనా? బాథర్స్ట్ కార్ల పందెంలో నా కొడుకు భయపడ్డాడా?" అని అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు రాయలేక మూడుసార్లు కాగితం తీసి మళ్ళీ లోపల పెట్టాను. ఆ రెండు రోజుల సంగతీ వరసగా రాస్తేనే మీకు అర్థమవుతుంది. నా చదువు మీకు తెలుసు, తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

శనివారం ఎవరు ఏ వరసలో బయలుదేరాలో తేల్చే పరుగు. మీ పని నాకు అప్పగించి వెళ్ళారు కదా, మీ పాత టోపీయే పెట్టుకుని, నడిపేవాళ్ళకు గుర్తులు చూపే మీ బోర్డు పట్టుకుని, కార్లు బాగుచేసే చోటికీ రోడ్డుకూ మధ్యనున్న పిట్ గోడ దగ్గర నిలబడ్డాను. గోడ పొడుగునా అందరూ డ్రైవర్ల భార్యలూ, అక్కచెల్లెళ్ళే. ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాను. పక్కనున్న కొరీన్ అనే ఆవిడే తన టమాటా శాండ్‌విచ్‌లో సగం తుంచి నాకిచ్చింది. "కొత్త పెళ్ళికూతురివా? ఇవాళ చేతులు లాగేస్తాయి. వచ్చే ఏడాదికి ఏమీ అనిపించదులే," అంది.

మీ అబ్బాయి నెవిల్ ఆరోజు ఎంత బాగా నడిపారో. మన స్థాయి కార్లన్నిటిలోకీ ముందు నిలిచారు. ఆయనతో వంతులు వేసుకుని అదే కారు నడిపే మన ట్రెవర్ కూడా ఒప్పుకున్నాడు. "అన్నా, రేపు నేను రాకపోయినా పరవాలేదు. రోడ్డు ఎక్కే ఆ కొండ మీద గుడారాలు వేసుకున్న జనంతో కూర్చుని బీరు తాగుతూ చూస్తా," అన్నాడు. మామయ్య కారు చుట్టూ తిరుగుతూ ఈల వేశారు. ఆయన ఈల వెయ్యడం నేను మొదటిసారి విన్నాను.

కాసేపటికి కొరీన్ తన భర్త కోసం బోర్డు బయటికి చాచింది. ఆయన రావలసిన వేళకు కారు రాలేదు. వెనకవాళ్ళందరూ వచ్చి వెళ్ళిపోయారు. ఆమె బోర్డు దించలేదు. పైన మలుపులో ఒక కారు బోల్తా పడిందని మైకులో ఆయన నంబరే చెప్పారు. అప్పుడూ దించలేదు. చివరికి ఎవరో వచ్చి ఆమె వేళ్ళు విడదీసి బోర్డు తీసుకున్నారు. ఆయన బతికారు, కాళ్ళు విరిగాయి. మర్నాడు గోడ దగ్గర నా పక్క చోటు ఖాళీగా ఉంది.

ఆదివారం ట్రెవర్ ముందు నడిపి, నెవిల్‌కు అప్పగించాడు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది, ఈగలు మొహాన్ని వదలడం లేదు. నెవిల్ రెండో స్థానంలో ఉన్నారు. ప్రతి చుట్టుకూ ముందు కారుకు ఇంకొంచెం దగ్గరవుతున్నారు. మామయ్య వచ్చి, "బాణం పెట్టమ్మా. వాడికిప్పుడు పగ్గం వదిలెయ్యాలి," అని చెప్పి టైర్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను పెట్టానో లేదో తిరిగి చూడలేదు. నన్నంత నమ్మారు.

పైకి చూపే బాణం అంటే వేగం పెంచమని. ఎర్ర బిళ్ళ అంటే కారులో ఏదో తేడా కనిపిస్తోంది, మెల్లగా నడిపి గట్టెక్కించమని. పొగ వచ్చినా, నూనె కారినా లోపల కూర్చున్నవాడికి కనిపించదు, మన కళ్ళే వాడి కళ్ళు, అందుకే మన ఇంట్లో బోర్డు మాటకు ఎదురు లేదని నేర్పింది మీరే.

అత్తయ్యా, నేను ఎర్ర బిళ్ళ పెట్టాను. పొరపాటున కాదు. బాణం నా చేతిలోనే ఉంది. దాన్ని కాళ్ళ దగ్గర పడేసి, ఎర్ర బిళ్ళ తగిలించి గోడ అవతలికి చాచాను. బోర్డు మొహం రోడ్డు వైపు ఉంటుంది కదా, వెనకున్న మనవాళ్ళకు దాని వీపే కనిపించింది. మరుసటి చుట్టుకూ దాన్ని తియ్యలేదు. ఆయన వేగం తగ్గించారు. వెనకనుంచి ఇద్దరు దాటిపోయారు. మనవాళ్ళందరూ తల పట్టుకుంటుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో. ఆయన వస్తున్నారు, మళ్ళీ వస్తున్నారు, అంతే చాలనిపించింది. చేసిన పనికంటే ఆ హాయి తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

పందెం అయ్యాక మామయ్య ఏమైందని అడిగారు. నెవిల్ నా వైపు ఒకసారి చూసి, "బ్రేకులు మెత్తబడ్డాయి నాన్నా," అన్నారు. మామయ్య సోమవారం నాడు చక్రాలు ఊడదీసి చూశారు. బ్రేకులకు ఏమీ కాలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయిరా. వచ్చే ఏడాది కారు ట్రెవర్ నడుపుతాడు. నువ్వు పానా పట్టుకో," అన్నారు. నెవిల్ తల వంచుకుని తింటున్నారు. నేను అందరికీ బంగాళాదుంపలు వడ్డించాను. గ్యారేజీకి వచ్చేపోయేవాళ్ళు కూడా ఇప్పుడు ఆయన్ని అడుగుతున్నారు, కొండ మీద టీ తాగడానికి ఆగావా అని.

మొన్న కోళ్ళ దొడ్డిలో ఆయనే ఆ మాట కదిపారు. "ఎర్ర బిళ్ళ చూశాను. మీటర్ల ముళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంజను వెన్నలా పోతోంది. నీ మొహం చూస్తే తెలిసిపోయింది," అన్నారు.

"తెలిసీ ఎందుకు తగ్గించారు?" అని అడిగాను.

"ఆ మొహాన్ని దాటుకుని పోవడం నావల్ల కాలేదు," అన్నారు. తరువాత, "నాన్నకు చెప్పకు. నా మీద కోపం ఎప్పటికైనా పోతుంది. బోర్డు అబద్ధం చెప్పిందని తెలిస్తే ఈ ఇంట్లో నీ మాట ఇంకెవ్వరూ నమ్మరు," అన్నారు.

ఆ మాట నిజమే. అయినా ఆయన పానా పట్టుకుని నిలబడితే, మీ టోపీ పెట్టుకుని ఆ గోడ దగ్గరికి నేనెలా వెళ్ళను? మామయ్య ఎదుట నాకు నోరు పెగలదని మీకు తెలుసు. అందుకే ముందు మీకు రాస్తున్నాను. ఈ ఉత్తరం డబ్బాలో వేశాక నాకు దాక్కునే చోటు ఉండదు. మీ జవాబు వచ్చేలోపు నా నోటితోనే మామయ్యకు చెప్పుకోవాలి. ఇవాళే, ఆయన గ్యారేజీ తలుపులు మూసేలోపు చెబుతాను.

నన్ను ఏమన్నా పడతాను. నెవిల్‌కు మాత్రం ధైర్యం చెబుతూ రాయకండి, ఆయనకు అది అక్కర్లేదు. మీ కొడుకు భయపడలేదు అత్తయ్యా. భయపడింది నేను.

ఇట్లు,
మీరు నమ్మి బోర్డు అప్పగించిన కోడలు,
నోలీన్