ముక్కిన నూనె

అక్క ఫాతిమాబీకి తమ్ముడు మస్తాన్ సలాములు.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు కులాసాయేనా? చిలకలూరిపేటలో నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. కోళ్లఫారం దగ్గరే వండుకుంటున్నాను. నువ్విచ్చిన పండుమిరప పచ్చడి అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మాంసానికి పెంచే ఈ సీమకోళ్లు మన నాటుకోళ్లలా తట్టుకోలేవు. రెక్కలు విప్పి, నోళ్లు తెరిచి రొప్పుతాయి, మేత ముట్టవు. గింజ అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుందని, నూనెకు అంత పుట్టదని, గింజ తగ్గించి తాజా నూనె కొద్దిగా కలపమని పశువుల డాక్టరుగారు చెప్పారు. వేరుశనగ నూనె కలిపాక నెమ్మదించాయి. నాతో పనిచేసే కోటయ్య బాబాయి, మన దర్శి పక్క ఊరాయనే, వాటిని చూసి పసిపిల్లాడిలా సంబరపడ్డాడు.

పోయిన నెల యజమాని ఎక్కడో చాలాకాలం పడి ఉన్న నూనె డబ్బాలు తెప్పించాడు. మూత తీయగానే ముక్కిన వాసన కొట్టింది.

"ఎండదెబ్బకి తోడు ఇదో దెబ్బ తగులుద్దిరా. కలపబాక" అన్నాడు బాబాయి. యజమానితోనూ అదే చెప్పాడు.

యజమాని నా వైపు తిరిగి, "నువ్వు కలుపుతావా, పోతావా?" అన్నాడు.

నేను కలిపాను అక్కా.

నాలుగు రోజులకు కోళ్లు తూలడం మొదలుపెట్టాయి. వడగాలి కొట్టిన మధ్యాహ్నం షెడ్డులో సగం పైగా చచ్చిపడ్డాయి. బాబాయి ఒక్కోదాన్నీ రెండు చేతులతో ఎత్తి గోతిలో పెట్టాడు, ఒక్కదాన్నీ విసరలేదు. సరిగా నీళ్లు పెట్టలేదని యజమాని ఆయన్నే తిట్టి, పనిలోంచి తీసేశాడు. బాబాయి నా వంక చూశాడు. నేను తలెత్తలేదు. ఆయన కండువా భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మూడోనాడు యజమాని దగ్గరికి వెళ్లి, "బాబాయి తప్పేం లేదండి. ఆ నూనె వల్లేనండి, కలిపింది నేనండి" అన్నాను.

"తెలుసులేరా. పోయి పని చూసుకో" అన్నాడు.

నన్ను కూడా తీసేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పుడు బాబాయి చాప పరిచే చోటు ఖాళీగా ఉంది, అటు చూడలేకపోతున్నాను.

బావను ఒకసారి బాబాయి వాళ్ల ఊరు పంపి ఆయన ఎలా ఉన్నాడో కనుక్కో. పెద్దవాడు, ఇప్పుడు కొత్త పని ఎవరిస్తారు? దర్శి సంతకు వస్తే ఇంటికి పిలిచి అన్నం పెట్టు. నా పేరు చెప్పొద్దు అక్కా, నీ అంతట నువ్వు పెట్టినట్టే పెట్టు. నా మాట నేనే వచ్చి ఆయన ఎదుట నిలబడి చెప్పుకుంటాను.

పెద్దమ్మకు, మామకు నా సలాములు. పిల్లలకు ముద్దులు. నమాజులో నన్ను తలుచుకో.

నీ తమ్ముడు,
మస్తాన్