రెండుండాల్సిన చోట మూడు

జూన్ 11
తొమ్మిదో వారంలో గర్భం పోయింది. ఇంటికొచ్చాను. కారణం తెలుసుకోవడానికి శాంపిల్ ల్యాబ్‌కి పంపారు.

జూన్ 12, ఉదయం
ల్యాబ్ కంటే ముందే అత్తయ్య కారణం కనిపెట్టేసింది. స్కూటరట. గతుకుల రోడ్డు మీద రోజూ స్కూలుకి వెళ్లొద్దంటే విందా అని ఆడపడుచుకి ఫోన్లో చెబుతోంది. నేను పక్కగదిలోనే ఉన్నాను. మా ఆయన పేపర్లో తల దూర్చుకుని కూర్చున్నాడు.

పదకొండేళ్లుగా పిల్లలకు బయాలజీ చెబుతున్నాను. నాకే పాఠాలు!

జూన్ 15
పక్కింటావిడ పరామర్శకి వచ్చింది. స్కూటర్ అమ్మేయమని సలహా.

జూన్ 29, మధ్యాహ్నం
రిపోర్టు వచ్చింది. పదహారో నంబరు క్రోమోజోములు రెండుండాల్సిన చోట మూడున్నాయి. అంతే. గతుకుల ఊసే లేదు.

భోజనాల దగ్గర ఇద్దరికీ చదివి వినిపించాను. కణం రెండుగా విడిపోయేముందు ప్రతి క్రోమోజోము జతకీ రెండు వైపుల నుంచీ దారాలు తగులుకోవాలి, ఒక్కటి కుదరకపోయినా కణం ఆగి చూస్తుంది, అన్నీ కుదిరాకే లాగుతుంది, ఒక్కోసారి ఆ కాపలా పొరబడుతుంది, అండాల్లో మరీనూ అని చెప్పాను.

పద్దెనిమిది రోజులకి మా ఆయన నోరు విప్పాడు. "అండం అంటే... నీ వైపు నుంచేగా?"

కంచం తోసేసి లేచొచ్చాను.

అదే రోజు, సాయంత్రం
నా వైపట! ఆ అండం నేను మా అమ్మ కడుపులో ఉండగానే తయారైంది. విభజన సగంలో ఆపుకుని, ముప్పై ఏడేళ్లు ఆ జతలను పట్టుకుని నిలబడింది. వాటిని అంటిపెట్టి ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. అది నేరమా? ఈయన బండి పెట్టే చోటు కోసం ఐదు నిమిషాలు ఆగలేడు.

ఇదంతా మొహం మీదే అనేశాను. నాకేం తెలుసు అన్నాడు. తెలీనప్పుడు అడగొచ్చుగా?

జూలై 2, ఉదయం
వంటగదిలో గిన్నె తుడుస్తూ, ఆ దారాల సంగతి మళ్లీ చెప్పమంది అత్తయ్య. చెప్పాను. నలభై ఏళ్ల కిందట కూడా అంతేనా అంది. ఎప్పుడైనా అంతే అన్నాను. చాలాసేపు అదే గిన్నె తుడిచింది. మా ఆయన కంటే ముందు ఒకటి పోయిందట. బీరువా జరపడం వల్లేనని మామయ్య పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడట.

"అన్నీ పడ్డదానివి, మళ్లీ నన్నెలా అన్నావత్తయ్యా?" అన్నాను. జాలేసింది, కానీ కోపం ఆగలేదు.

జూలై 3
అత్తయ్య నా రిపోర్టు జిరాక్స్ తీయించుకొచ్చింది. మడతపెట్టి, గోడ మీదున్న మామయ్య ఫొటో ఫ్రేములోకి దూర్చింది.