మూడు ఊళ్లలో ఒకే విండో

కిసుము,
మంగళవారం మధ్యాహ్నం

తమ్ముడు ఒకేయోకు అక్క అపోండి దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, అంటే ఎవరం చావలేదని అర్థం. అమ్మ మోకాళ్లు నొప్పులంటుంది గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. అక్కడ మొంబాసాలో నీ భార్య, పాప కులాసా అని తలుస్తాను.

నేను ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. ఫోన్‌లో అయితే సగంలో పెట్టేసేదాన్ని. కాగితాన్ని అలా పెట్టేయడం కుదరలేదు, మూడుసార్లు చదివాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మా షాపు బాగానే నడుస్తోంది. చావులకు కరువు లేదు కదా, పోయినవాళ్ల కథ, కుటుంబం పేర్లు వేసి పూడ్చేరోజు పంచే అంత్యక్రియల పుస్తకాలు వారానికి ఆరేడు అచ్చు వేస్తున్నాం. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, అవి చారెడు చేసేది మేమే. తాగి పెళ్లాన్ని తన్నినవాడు కూడా మా దగ్గరికొచ్చాక ‘ప్రేమమూర్తి’ అవుతాడు.

నీ దగ్గరున్న మీ అమ్మ, అదే మా పిన్ని, ఊళ్లో ఆమె ఇల్లు ఎలా ఉందని అడిగావు. గోడలున్నాయి. పైకప్పు రేకులు విప్పించి అమ్మ కోళ్లగూడు కట్టించింది. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇక అసలు ప్రశ్న. పిన్నికి రోజులు దగ్గరపడ్డాయని, డాక్టర్లు చేతులెత్తేశారని, ఆచారం ప్రకారం భార్యను తన ఇంటి పక్కనే పూడ్చాలి కదా, ఏ వాకిట్లో పడుకోబెట్టాలో చెప్పమని రాశావు. ఆ మాట అమ్మకు చదివి వినిపించాను. ఒమేనా చేపలు ఏరుకుంటూ తలెత్తకుండానే అంది: “పుస్తకంలో పేరే లేని ఆడదానికి నా వాకిట్లో గొయ్యేంటే? ఏ ఇంటి పక్కన తవ్విస్తాడట వాడు? కప్పు లేని గోడల పక్కనా? సముద్రం దగ్గరే ఉన్నాడుగా, అందులో కలిపెయ్యమను!” అని నవ్వింది. నేనూ నవ్వాను. దాచి ఏం లాభం.

పెద్దల మాట కూడా అదే. భార్య అయితే నాన్న పోయినప్పుడు వేసిన పుస్తకంలో ఉండేది, పూడ్చేరోజు నలుగురి ముందు చదివేవాళ్లు, లేదు కాబట్టి కాదు. ఊరి తగువులు తీర్చే చీఫ్ బల్ల మీద ఇప్పటికీ ఆ పుస్తకమే సాక్ష్యం.

ఓవినో బాబాయి సంగతి అడిగావు. నైరోబీలో గదిలోంచి బయటికి రావడం లేదట. నాన్న పుస్తకం కూర్చిన రోజు ఏర్పాటు నీకు గుర్తుందిగా. నా కంప్యూటర్ అంతా కాదు, పుస్తకం తయారయ్యే ఆ ఒక్క విండోనే బాబాయి తెర మీదికీ మీ ఇంటి తెర మీదికీ పంపాను. మూడు ఊళ్లలో ఒకే పేజీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. ఎవరు చేసినా కనిపించే గీత ఒకటే, దాని మీద పేరుండదు. మాట వినిపించదు. అందుకే పిన్ని పేరు పోయినప్పుడు అందరూ బాబాయి మీద పడ్డారు.

పాపం ఆయనకూ అదే అనుమానం. “నా వేలే తగిలుంటుందమ్మా. టీ కప్పు పెడుతుంటే ఏదో నొక్కుకుపోయింది. ఆ మిషన్ సంగతి నాకేం తెలుసు?” అని పెద్దల ముందు ఏడ్చాడు.

“వేలు తగిలితే అక్షరం పోతుంది గానీ పెళ్లాం పోతుందటయ్యా?” అన్నాడు ఒక ముసలాయన. పందిరంతా ఘొల్లుమంది. బాబాయి చేత పొట్టేలును తప్పు కింద కట్టించుకున్నారు. నువ్వు ఆయన కాలర్ పట్టుకుని గుంజితే కళ్లజోడు పగిలింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఆ పొట్టేలు మాంసం తిన్నాను. ఉగాలి ముద్ద ఇంకొంచెం అడిగి వేయించుకున్నాను కూడా.

ఒకేయో, చెరిపింది నేను.

అమ్మ నా వెనక నిలబడి చేయించిందని రాస్తే నాకు తేలిక. కానీ అమ్మ ఆ సమయానికి ఊళ్లో పందిరి వేయిస్తోంది. షాపులో నేనొక్కదాన్నే. ‘భార్యలు: ఫెలిస్టా, ఆలూచ్’ అని ఉంది. నాన్న చివరి ఏడేళ్లు మా ఇంట్లో చాయ్ కూడా తాగలేదు. రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు నుంచే ఆ ఇంటికి నడిచి వెళ్లేవాడు. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న కామా చూస్తే నాకు ఒళ్లు మండింది. పిన్ని పేరు తీసేశాను. నీ పేరు జోలికి పోలేదు. నాన్న బిడ్డవే, తల్లి లేని బిడ్డవి, అలా ఉంచాను.

కాసేపటికి ఆ పేరు మళ్లీ వచ్చింది. ఒక్కో అక్షరం, మధ్యలో బోలెడంత ఆలస్యం. బాబాయి అలా కొట్టడు, ధబధబా కొడతాడు. నువ్వు బస్సు టికెట్లకు వెళ్లావని తర్వాత తెలిసింది. పిన్ని ఒక్కతే మీ తెర ముందు కూర్చుని, ఒంటి వేలితో వెతుక్కుంటూ తన పేరు తాను రాసుకుంటోంది. పూర్తయ్యేదాకా ఆగి చెరిపాను. మళ్లీ రాసింది. మళ్లీ ఆగాను, మళ్లీ చెరిపాను. ముందే చెరిపితే ఆమెకు కష్టం తగ్గేది. అందుకే ఆగాను.

పేరు ఎవరు చెరిపారో మీ అమ్మ చెప్పడం లేదని రాశావు. చెప్పదు. ఆమెకు తెలుసు.

పిన్నిని తీసుకురా. బతికుండగానే తీసుకురా. ఈ ఉత్తరం చీఫ్ చేతికివ్వు, నలుగురి ముందు గట్టిగా చదివించు, అమ్మ ముందు వరసలో ఉన్నప్పుడే. నేను అక్కడే నిలబడతాను. ఆ తర్వాత అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు, అవి నా పాట్లు. బాబాయికి విడిగా రాస్తున్నాను.

చదివించేటప్పుడు ఇది కూడా వదలకు. మూడోసారి ఆమె తన పేరు రాయలేదు. ఆ ఖాళీలో వేరే అక్షరాలు రావడం మొదలైంది. చాలాసేపు పట్టింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

‘అపోండీ, నువ్వేనని తెలుసు. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?’

చదివాను. దాన్నీ చెరిపేసి, మీ వైపు విండో మూసేసి, పుస్తకం అచ్చుకు పంపాను.

ఇట్లు,
నీ పెద్ద ఇంటి అక్క,
అపోండి