బ్రేకులు ఎవరికి కనబడతాయి?

అన్నయ్యకు,

నువ్వు దయతలచి నాకు అంటగట్టిన పాత కారుకు రంగు వేయించమని పంపిన డబ్బు అందింది. నీ కొత్త కారులో పట్టని ఆఫీసు పెద్దలను ఇందులో ఎక్కించాలనీ, వెలిసిపోయిన బండిని చూస్తే నీ పరువు పోతుందనీ రాశావు.

మెకానిక్ పెడల్ తొక్కి చూసి, "రంగు సంగతి తర్వాతమ్మా, ముందు బ్రేకులు మార్చండి. రెండింటికీ ఈ డబ్బు చాలదు" అన్నాడు. నీకు ఫోన్ చేస్తే, "బ్రేకులు ఎవరికి కనబడతాయే? రంగు కానివ్వు" అన్నావు. చిన్నప్పటి నుంచీ నీ మాట జవదాటని దాన్ని, ఈసారి దాటాను. డబ్బంతా బ్రేకులకే పెట్టాను.

నిన్న ఆసుపత్రి పక్క వాలులో దిగుతుంటే ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. మన కారు దానికి జానెడు దూరంలో ఆగింది. నన్ను చూడ్డానికి వచ్చిన వదిన వెనక సీట్లోనే ఉంది. "మీ అన్నయ్య మాట వినలేదు కాబట్టి బతికిపోయాం" అంది.

నీ పెద్దలకు టాక్సీ మాట్లాడుకో. తళతళలాడేదే చూసుకో.

అన్నట్టు, నీ కొత్త కారు బ్రేకులు ఎప్పుడు చూపించావో చెప్పమంది వదిన. జవాబు వచ్చేదాకా అందులో కాలు పెట్టదట. రేపు బస్సులోనే ఇంటికి వస్తోంది.

నీ చెల్లెలు