ముద్ర కింద గుండె

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు

విషయం: ఏడో తరగతి సైన్సు పాఠమునకు ఇచ్చిన ఆగ్మెంటెడ్ రియాలిటీ ట్యాబులలో ఒక్కటైనా గురువారం వరకు మాకు ఉంచవలెనని ప్రార్థన.

అయ్యా,

ఏడో తరగతికి సైన్సు చెప్పు ఉపాధ్యాయుడనైన నేను మనవి చేసుకొనునది. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ కుదురుగా రాశాను. ఇది అలా రాయడం నా వల్ల కావడం లేదు.

1. తమ శాఖ మాకు పన్నెండు ట్యాబులు, ఇరవై నాలుగు కార్డులు మంజూరు చేసినది. కార్డుపై నల్లని, తెల్లని గళ్లుండును. ట్యాబ్ కెమెరా ఆ గళ్లను గుర్తుపట్టగానే, తెరలో చూస్తే, బల్లమీద పిడికెడు గుండె లేచి కొట్టుకొనును. చుట్టూ తిరిగి చూడవచ్చును. గోడ తొలగించి లోపలి గదులు చూడవచ్చును. తొమ్మిది రోజులు గంట కొట్టినా మా తరగతిలో ఎవరూ కదలలేదు. డ్రిల్లు మాస్టారు గుమ్మంలో నిలబడి, "నా పిల్లల్ని నాకిచ్చెయ్యండి మాస్టారూ" అని బతిమాలుకున్నారు.

2. పదో రోజున స్టాకు తనిఖీ నిమిత్తం తమ కార్యాలయపు గుమాస్తా గారు కార్డులన్నీ తీసుకువెళ్లి, ఒక్కటీ వదలకుండా, సరిగ్గా గళ్ల నడుమ "తనిఖీ చేయబడినది" అని గుండ్రని ముద్ర వేసిరి. ఆయన శ్రద్ధకు వంక పెట్టలేను. కాని ఆనాటి నుండి కెమెరా ఏ కార్డునూ గుర్తుపట్టలేదు. జిరాక్సు తీయించాను, ముద్ర కూడా జిరాక్సు అయినది. కొత్త కార్డులు కోరగా, ఉన్నవి ముద్రతో భద్రముగా ఉన్నందున కొత్తవి అవసరం లేదని జవాబు వచ్చినది.

3. పర్యవేక్షణకు వచ్చిన అధికారి గారు పిల్లల ముందు ట్యాబ్ ఎత్తి, "గుండె ఎక్కడండీ?" అన్నారు. ముందు బెంచీ పిల్ల ఒకతె, "ముద్ర కిందుంది సార్" అంది. తరగతంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. పరికరములు పనిచేయుట లేదనియు, నాకు శిక్షణ లేదనియు నివేదిక ఇచ్చిరి. ట్యాబులన్నీ పెట్టెలో పెట్టి సీలు వేసినారు. సోమవారం అవి తమ శాఖకు వాపసు.

4. ఈ అంశం ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. మా తరగతిలో గుసగుస అని ఒక అమ్మాయి ఉంది. గట్టిగా మాట్లాడితే ఆయాసం, అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. గుండెలో పై రెండు గదుల మధ్య గోడకు చిల్లు. వచ్చే గురువారం ఆపరేషన్. తొమ్మిదో రోజు పాఠమయ్యాక నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, నా చిల్లు ఎక్కడుంటుందో చూపిస్తారా?" అంది.

"డాక్టరు గారు చెప్పలేదామ్మా?"

"ఆయన నాన్నతోనే మాట్లాడతారు సార్."

గంట కొట్టారు. "రేపు చూపిస్తాలే" అన్నాను.

ఆ రేపే పదో రోజు, అయ్యా.

బోర్డు మీద గీసి చూపించాను. మర్యాదగా తలూపి, "ఇది కొట్టుకోవట్లేదు సార్" అంది. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాను. "కాలుకాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అంటుంది మా ఆవిడ. ఆ పిల్ల భయపడుతోంది. నాకూ భయంగానే ఉంది.

కావున ఒక్క ట్యాబు, ముద్ర పడని ఒక్క కార్డు గురువారం లోపు ఇప్పించగలరు. ఆ పిమ్మట నాపై ఏ చర్యకైనా సిద్ధము. ఫైలులో చేరకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఏడో తరగతి సైన్సు మాస్టారు

తా.క.: ముద్ర కింద మసకగా కనబడే గళ్లు లెక్కపెట్టుకుని, గుసగుస నిన్న గ్రాఫు కాగితంపై గుండె కార్డును మళ్లీ గీసింది. రెండు స్కెచ్ పెన్నులు అయిపోయాయి. పనిచేస్తుందో లేదో చూద్దామంటే మా ట్యాబులు సీలులో ఉన్నాయి. నమూనా ట్యాబు ఒకటి తమ టేబుల్ మీదే ఉందని విన్నాను. ఆ గ్రాఫు కాగితాన్ని ఈ అర్జీ వెనక అంటించాను. ఒక్కసారి కెమెరా పెట్టి చూడండి. గుండె లేస్తే కబురు చేయండి, అమ్మాయిని నేనే తీసుకొస్తాను.

అయితే ఈ కాగితం ముందు చేరేది తమ చేతికి కాదు. ఉత్తరాలు తీసుకునే గుమాస్తా గారూ, మీకు దండం పెడతాను, ముద్ర ఈ వైపే వేయండి. వెనక వైపు ఆ పిల్ల గుండె ఉంది.