ఎడమ సగం

బావగారికి,

మీ విల్లు ఎందుకింత ఆలస్యమైందని అడిగారు. ఇది మీకొక్కరికే రాస్తున్నాను, అక్కకు చదివి వినిపించకండి.

పక్షవాతం వచ్చాక అన్నయ్య మళ్ళీ పనిలో కూర్చున్న మాట నిజమే. కానీ ఎడమవైపు ఏముందో ఆయనకు తెలియడం లేదు. కంచంలో కూడా కుడి సగమే తిని లేస్తున్నాడు. విల్లును గోడకు అడ్డంగా తగిలించి, తాడు లాగి, రెండు సగాలూ సమంగా వంగుతున్నాయో లేదో చూస్తాడు. ఆకురాయి మాత్రం కుడి సగం మీదే పెడతాడు. "ఎడమవైపు కూడా చూడన్నయ్యా" అంటే, "చూశాగా!" అని కసురుతాడు.

అలా వదిలేస్తే విల్లు ఒకవైపు లొంగి విరుగుతుంది. అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు నేను ఎడమ సగాన్ని కూడా అంతే అరగదీస్తున్నాను. లేచి తాడు లాగి, విల్లు పక్కకు తిరక్కుండా నిలబడటం చూసి, "చూశావట్రా, నా పనితనం ఎక్కడికీ పోలేదు" అంటాడు. కుడివైపు ఇంకా బిరుసుగా ఉందంటూ మర్నాడు మళ్ళీ మొదలు.

అరగదీసిన చెక్కను తిరిగి అతికించలేమని నాకు నేర్పింది ఆయనే. ఇరవై కిలోల బిగువుతో మొదలైన విల్లు ఇప్పుడు రెండు వేళ్ళకే వంగుతోంది. చాలు ఆపమనడానికి నాకు నోరు రావడం లేదు.

మీరే వచ్చి, ఇంక ఆగలేనని పేచీ పెట్టి పట్టుకెళ్ళండి. తన ఎదురుగా ఒక్కసారి లాగి చూడమంటాడు. దయచేసి పళ్ళు బిగించి లాగండి.

మీ బావమరిది